మూడో నంబరు చొక్కా

పోయిన వారం మనం నవీనను బొగ్గు కంపెనీ శ్రీరాంపూర్ స్టోర్స్ ఆఫీసు మెట్ల మీద వదిలిపెట్టి వచ్చాం. లోపల చొక్కాల పరీక్ష మొదలవబోతోంది, రమ్మని కబురు వచ్చింది, కానీ ఆమె కాళ్లు కదలడం లేదు. పరీక్ష రాసే పిల్ల కన్నా గేటు బయట నిలబడ్డ తల్లికే ఎక్కువ చెమటలు పడతాయి. నవీన పరిస్థితి అచ్చం అదే.

ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ల కోసం సంగతి కాస్త చెప్పుకుందాం. నవీన నడిపే సర్కారు పథకం పేరు 'మన సరుకు'. ఆస్పత్రులు, హాస్టళ్లు, బొగ్గు కంపెనీ కొనే సామానులో కొంతైనా ఈ చుట్టుపక్కల చిన్న చిన్న సంఘాల దగ్గర, చిన్న దుకాణదారుల దగ్గర కొనిపించడం ఆమె పని. టెండరు అంటే ఏమిటో తెలియనివాళ్లను కూర్చోబెట్టి నేర్పాలి, పెద్దవాళ్లతో సమానంగా బరిలో నిలబెట్టాలి. ఇన్నాళ్లలో ఆమె ఇప్పించగలిగినవి చీపుర్లు, ఫినాయిలు, ఫైలు అట్టలు. అందుకే కలెక్టరేటులో కొందరు దానికి 'చీపుర్ల పథకం' అని పేరు పెట్టి నవ్వుకుంటున్నారు. ఇప్పుడు మొదటిసారి ఒక పెద్ద పని చేతికి అందేలా ఉంది. గనుల్లో పనిచేసే కార్మికులకు డ్యూటీ చొక్కాలు కుట్టే పని.

అయిదు సంస్థలు నమూనా చొక్కాలు పంపాయి. వాటిలో ఒకటి కరీంనగర్‌లో షహర్ బానో నడిపే కుట్టు సంఘం. నలభై మంది ఆడవాళ్లు. పథకం కింద వాళ్లకు ఇచ్చిన షెడ్డు ఈ ఆర్డరు వస్తేనే ఉంటుంది. రాకపోతే మిషన్లు నెత్తిన పెట్టుకుని ఎవరింటికి వాళ్లు పోవాల్సిందే. మరొకటి ఏళ్ల తరబడి ఈ ఆర్డరును ఎవరికీ పోనివ్వని పట్నం సంస్థ. దాని తరఫున వచ్చినవాడు సంపత్. ఏ చొక్కా ఎవరిదో పరీక్ష చేసేవాళ్లకు తెలియకూడదు కాబట్టి చొక్కాలకు నంబర్లే తప్ప పేర్లు లేవు. పేర్లు సీలు వేసిన కవరులో ఉన్నాయి. ఏ చొక్కా మీదైనా తయారుచేసినవాళ్ల గుర్తు కనిపిస్తే దాన్ని పక్కన పడేస్తారు. ఆ సంస్థ మూడేళ్లు మళ్లీ ఇటు చూడటానికి లేదు.

"రారాదుండ్రి మేడం! ఐలవ్వ ఒకటో నంబరు తొడుక్కుంటుంది!" అని తలుపు సందులోంచి కేకేసింది దీపిక. పథకంలో నవీనకు కుడిభుజం ఆ పిల్ల. కాంట్రాక్టు ఉద్యోగం, అయినా స్కూటీ మీద ఊరూరూ తిరిగి ఈ ఆడవాళ్లనందరినీ పోగేసింది ఆమే.

"వస్తున్న. గుండె జర చేతుల పట్టుకొని వస్తున్న."

"కొండగట్టు అంజన్నకు మొక్కిన నేను. మీ గుండె ఆయనకు అప్పజెప్పి జల్ది రాండ్రి."

నవీన నవ్వింది. నవ్వితే కాళ్లు కదిలాయి.

లోపల పొడుగాటి హాలు. కొత్త రబ్బరు బూట్ల వాసన, గ్రీజు వాసన, క్యాంటీను నుంచి తెచ్చిన మిర్చీల వాసన. బల్ల మీద ఒకే రంగు నీలం చొక్కాలు అయిదు. బల్లకు అవతల కమిటీ పెద్ద పరశురాములు కూర్చుని ఉన్నాడు. ముఖాన నవ్వు ఉండదు, చేతిలోని పెన్నుకు మూత ఉండదు. రూలు తప్పితే సొంత తమ్ముణ్నైనా బయట నిలబెడతాడని కంపెనీలో పేరు. టెండరు వేసినవాళ్లంతా వెనుక కుర్చీల్లో చూడటానికి కూర్చున్నారు. చివరి కుర్చీలో, అందరూ ఆపా అని, అంటే అక్కా అని పిలిచే షహర్ బానో. బుర్ఖా మీది ముసుగు వెనక్కి తోసుకుని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, బల్ల వైపు కాకుండా కిటికీ వైపు చూస్తోంది. తన బిడ్డ ఎక్కడుందో తెలిసీ అటు చూడకూడదని ఒట్టు పెట్టుకున్నట్టుంది ఆమె వాలకం.

నవీన ఆమె పక్కన కూర్చుంది.

పరీక్ష చేసేది ఐలవ్వ. కోల్ యార్డులో పనిచేస్తుంది. వేసుకునేది మేము, ఎంచేది మీరా అని కార్మికులు గొడవ చేసి ఆమెను కమిటీలో కూర్చోబెట్టారు. ఆమె ఒకటో నంబరు చొక్కా చీర మీదే తొడుక్కుని రెండు చేతులూ పైకెత్తింది. చంక దగ్గర చర్రున చిరిగింది.

"గిది మనిషికి కుట్టిండ్రా, గోడ మీది బొమ్మకు కుట్టిండ్రా?" అంది ఐలవ్వ. హాలంతా నవ్వు.

రెండోది మెడ దగ్గర గీరుకుంటోందంది. నాలుగోదాన్ని బకెట్టులో ముంచి పిండింది. చీకట్లో మెరవాల్సిన తెల్లపట్టీ కొస లేచి వచ్చింది. దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని పరశురాములుకు చూపించింది.

"ఇగో సారూ, ఉల్లిపొర లేచినట్టు లేచింది."

అయిదో నంబరు బాగుంది. మెచ్చుకుంది, పక్కన పెట్టింది. చివరికి మూడో నంబరు తొడుక్కుంది.

వంగింది. లేచింది. గొంతుక్కూర్చుంది. మూలన ఉన్న ఇసుక సంచిని భుజాన వేసుకుని హాలు ఆ కొస నుంచి ఈ కొసకు నడిచింది. సంచి కింద పడేసి, భుజాలు విదిల్చి, చొక్కా ముందు భాగాన్ని అరచేత్తో నిమిరింది.

"గిది కుట్టినామె ఎవలో గాని, ఎన్నడో ఒకనాడు బరువు మోసినామెనే! భుజం మీద ఎక్కడ ఒత్తుతదో ఆమెకెరుక. సారూ, నేనైతే ఇడువ. గిట్లనే ఇంటికి పోత."

నవీనకు ఒళ్లంతా జల్లుమంది. చూపు తిప్పకుండానే పక్క కుర్చీలోని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది, కానీ గట్టిగా తిరిగి పట్టుకుంది. అవతలి వైపు దీపిక కుర్చీ అంచున కూర్చుని, లేచి గంతు వేయకుండా తనను తాను ఆపుకుంటోంది.

పరశురాములు పెన్ను కదిలింది. "మూడో నంబరు మొదటిది. అయిదో నంబరు రెండోది. ఎవలకన్న అభ్యంతరం ఉన్నదా?"

"నాదొక చిన్న మాట సార్."

సంపత్ లేచాడు. ఇస్త్రీ చొక్కా, చేతికి నల్లపూసల కడియం, మాటకు ముందొక చిరునవ్వు. బల్ల దగ్గరికి వచ్చి, ఐలవ్వ విప్పి పెట్టిన మూడో నంబరు చొక్కా జేబును వేళ్లతో లోపలి నుంచి బయటికి తిరగేశాడు.

"జర దగ్గరికి జూడుండ్రి సార్. జేబు లోపటి మూలకు."

పరశురాములు కళ్లజోడు సవరించుకుని వంగాడు. జేబు మూలలో నువ్వుగింజంత నల్ల కుట్టు. నీలం బట్ట మీద, నీలం దారం మధ్య, ఒకే ఒక్క చోట నల్లదారం.

"దారం అయిపోతే పడ్డ కుట్టు గాదు సార్ గిది. ఏరికోరి పెట్టిన కుట్టు. ఎవరికి కనపడాల్నో వాళ్లకు కనపడేటందుకు పెట్టిండ్రు." సంపత్ నవీన వైపు తిరిగాడు. "మేడం చీపుర్ల కాడికి మంచిగనే నడిపించిండ్రు. చొక్కాలకు వచ్చేసరికి గుర్తులు గావల్సొచ్చినయి, పాపం."

హాలు ఒక్కసారి చల్లబడింది. ఐలవ్వ తాను విప్పిన చొక్కాను మళ్లీ వంగి చూసింది.

నవీనకు ఆ కుట్టు ఎవరిదో చూడకుండానే తెలుసు. ఎలా తెలియకుండా ఉంటుంది? ఇవాళ తాను వేసుకున్న కుర్తా లోపల, నిన్న వేసుకున్న కుర్తా లోపల, అన్నిటిలోనూ అదే కుట్టు. షహర్ బానో షెడ్డులో బట్ట ఎవరు కుట్టినా చివరికి ఆమె చేతికి రావాలి. దారాలు కత్తిరించి, మడత పెట్టే ముందు లోపలెక్కడో ఆ నల్ల కుట్టు వేస్తుంది. నమూనా పంపేటప్పుడు నవీన ఎన్ని జాగ్రత్తలు తీసుకుంది! పేరున్న గుడ్డముక్క పీకించింది. షెడ్డు వాసన కూడా రావొద్దని చొక్కాను డాబా మీద ఆరేయించింది. కవరు మీద చేతిరాత కనిపించకుండా టైపు చేయించింది. ఈ కుట్టు మాత్రం ఆమె కంటికి ఆనలేదు. రోజూ ఒంటి మీద ఉండేదాన్ని ఎవరు చూస్తారు? మరి దీని సంగతి సంపత్‌కు ఎవరు చెప్పారు?

"దిష్టి కుట్టు బిడ్డా," షహర్ బానో పెదవులు కదలకుండా గొణిగింది. "కొత్త బట్ట మీద ఎవరి నజర్ పడొద్దని. మా అమ్మీ పెట్టేది, నేను పెడ్త. చెయ్యి దానంతట అదే పోతది. గుర్తని నేను ఎన్నడనుకున్న?"

"మాట్లాడకు ఆపా. ఒక్క మాట గూడ."

ఎందుకంటే ఆ మాటే ఉచ్చు. అది దిష్టి కుట్టు అని లేచి చెప్పడానికి లేదు. చెబితే ఆ చొక్కా ఎవరిదో చెప్పినట్టే. చెప్పకపోతే గుర్తు గుర్తుగానే నిలబడిపోతుంది. పరశురాములు పెన్ను కాగితం మీద ఆనించాడు. ఆ పెన్ను కదిలితే ఆ షెడ్డుకు తాళం పడుతుంది. నలభై మంది ముఖాలు నవీన కళ్ల ముందు గిర్రున తిరిగాయి.

ఆమె లేచి నిలబడింది.

"సార్, నాదొక విన్నపం. ఒక్క చొక్కానే ఎందుకు తిరగేసిండ్రు? అయిదింటిని తిరగేయుండ్రి. చూస్తే అందరివి చూడాలె, లేకుంటే ఎవరివి చూడొద్దు. రూలు అందరికి ఒక్కటే గదా."

పరశురాములు పెన్నును కాగితం మీద నుంచి ఎత్తాడు. రూలు అన్న మాట ఎక్కడ వినబడినా ఆయన చెవి అటు తిరుగుతుంది. "నిజమే. సంపత్, మీకేమన్న అభ్యంతరమా?"

"నాకేం అభ్యంతరం సార్? అయిదు గాదు, యాభై తిరగేసుకొమ్మనుండ్రి. మేడం ముచ్చట తీరుతది."

ఐలవ్వ కొంగు నడుముకు దోపింది. ఒకటో నంబరు జేబు తిరగేసింది. ఏమీ లేదు. మెడ, చంకలు, అంచులు అన్నీ వెతికింది. ఏమీ లేదు. రెండోది. లేదు. తడిసిన నాలుగోదాన్ని దులిపి మరీ చూసింది. అందులోనూ లేదు. నవీన వేసిన ఎత్తు తిరిగి తన మెడకే చుట్టుకుంటోందా? సంపత్ సెల్‌ఫోన్ చూసుకుంటూ కాలు ఊపుతున్నాడు.

ఐలవ్వ అయిదో నంబరు జేబులో చెయ్యి పెట్టి బయటికి లాగింది. ఆగింది. కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో పట్టుకుంది.

"ఓ సారూ! గిండ్ల గూడ ఉన్నది!"

సంపత్ కాలు ఆగింది.

"ఎక్కడ?" పరశురాములు కుర్చీలోంచి లేచి వచ్చాడు.

"ఇగో, గదే మూల. గదే నల్లదారం. అక్కాచెల్లెండ్ల బుగ్గ మీది దిష్టిచుక్కల తీరు ఉన్నయి రెండు!"

రెండు చొక్కాలనూ పక్కపక్కన పరిచి అందరూ తలలు వంచారు. వెనుక కుర్చీలవాళ్లు లేచి వచ్చేశారు. ఎవరో ఎవరి కాలో తొక్కారు. "జరుగయ్యా" అని ఒకరు, "నన్ను గూడ చూడనియ్యి" అని ఇంకొకరు. నువ్వుగింజంత కుట్టు కోసం సినిమా టిక్కెట్ల దగ్గరంత తోపులాట.

పరశురాములు తిరిగి కూర్చున్నాడు. హాలు సద్దుమణిగేదాకా ఆగాడు.

"గుర్తంటే ఒక్కలను పట్టిచ్చేది. రెండు నంబర్లల్ల ఉన్నదాన్ని గుర్తనలేం. అభ్యంతరం కొట్టేస్తున్న. మూడో నంబరు మొదటిది, అయిదో నంబరు రెండోది. కవరు తెరుస్తున్న."

కవరు చింపిన చప్పుడు.

"మూడో నంబరు, కరీంనగర్ కుట్టు సంఘం."

దీపిక ఇక ఆగలేదు. కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచి, "ఆపా!" అని అరిచి షహర్ బానోను చుట్టేసుకుంది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. తలుపు బయట బూట్ల కోసం వరసలో నిలబడ్డ కార్మికులు ఏమిటో తెలియకపోయినా ఈల వేశారు. చీపుర్ల పథకం! రేపు కలెక్టరేటు మెట్లు ఎక్కేటప్పుడు ఆ మాట ఎవరు అంటారో చూడాలి. నవీనకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెంటినీ మింగి నిటారుగా నిలబడింది.

"అయిదో నంబరు," పరశురాములు రెండో పేరు చదివి, ఆగి, మళ్లీ చూసుకుని, సంపత్ ముఖంలోకి చూశాడు. "పట్నం సంస్థ."

చప్పట్లు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఐలవ్వ గొంతు ఖంగుమంది.

"సంపతన్నా, మీ ఫ్యాక్టరీల మిషన్లకు గూడ దిష్టి తగుల్తదా?"

ఈసారి నవ్వు పైకప్పు రేకులను తాకింది. పరశురాములు మాత్రం నవ్వలేదు. ప్రతి కుట్టూ తమ సొంత ఫ్యాక్టరీలోనే వేస్తామని పట్నం సంస్థ సంతకం పెట్టి ఇచ్చింది. ఆ చొక్కా ఇక్కడి దిష్టి కుట్టుతో ఇక్కడికే వచ్చిందంటే అర్థం ఒక్కటే. సంపత్ ముఖంలో చిరునవ్వు ఇంకా అలాగే ఉంది, కానీ ఎవరో అక్కడ అతికించి పోయినట్టుంది.

"పట్నం సంస్థ సంగతి తర్వాత రాస్త," అన్నాడు పరశురాములు. "అంతకుముందు ఇంకో మాట తేలాలె. షహర్ బానో గారూ, ఇట్ల రాండ్రి. ఈ రెండో చొక్కా మీరు కుట్టిందేనా?"

నవీన అప్పుడు చూసింది. దీపిక చేతులు షహర్ బానో భుజాల మీద నుంచి మెల్లగా జారిపోతున్నాయి. గెలిచిన ఆనందంలో అందరూ మరిచిపోయిన సంగతి, ఆ రెండో చొక్కా కూడా తమ షెడ్డులోనే కుట్టారన్న సంగతి, ఆ పిల్లకు అప్పుడే తట్టినట్టుంది.

షహర్ బానో బల్ల దగ్గరికి నడిచి అయిదో నంబరు చొక్కాను చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది.

"చొక్కా మాదే సాబ్. గీ మెరిసే పట్టీ మాది గాదు, అది తర్వాత ఎవరో ఏసుకున్నరు. మాకు బట్ట కత్తిరించి ముక్కలు ముక్కలుగ వచ్చింది. దుకాణాల కాడ కాపలా ఉండేటోళ్లకు అన్నరు. కుట్టిచ్చినం. గింత పరేషాన్ అయితదని తెలిస్తే ముట్టకపోదుం."

"ఎవరు తెచ్చిండ్రు పని?"

షహర్ బానో తల తిప్పి కిటికీ వైపు చూసింది.

"చూడుండ్రి," పరశురాములు గొంతు మొదటిసారి కొంచెం మెత్తబడింది. "ఒక్క చెయ్యి రెండు నంబర్లల్ల ఉండొద్దని రూలు. పట్నంవాళ్లతోని మీరే మాట్లాడుకొని కుట్టిచ్చి ఉంటే వాళ్లతోపాటు మీరు గూడ బయటికే. అట్ల గాక, పథకం అధికారులు పని తెచ్చిస్తే, అది ఎవరిదో తెల్వక మీరు కుట్టి ఉంటే మీ తప్పు లేదు. తప్పు ఆ తెచ్చినోళ్లది. పథకంల వాళ్లు ఉండరు. అందుకే అడుగుతున్న. ఎవరు తెచ్చిండ్రు?"

పేరు చెబితే ఆర్డరు దక్కుతుంది. అయినా ఆమె పెదవి విప్పలేదు. చొక్కాను బల్ల మీద పెట్టి, ముడతలు సరిచేసి, తల వంచుకుని నిలబడింది.

"నేనే సార్." దీపిక బల్ల దగ్గరికి వచ్చింది. "ముక్కలు తెచ్చింది నేనే. తెలిసినోళ్లు ఇచ్చిండ్రు, తెచ్చిన. ఎవరిదని అడగలే. ఆపాకు ఏం తెల్వదు, మేడంకు ఏం తెల్వదు. నా పేరు రాసుకోండ్రి."

మేడంకు ఏం తెల్వదు. ఆ మాట దగ్గర ఆ పిల్ల కళ్లు నవీన వైపు రాకుండా పక్కకు పోయాయి.

నవీనకు అప్పుడు గుర్తొచ్చింది. టెండరు ఇంకా పిలవని రోజులు. సంఘం ఆడవాళ్లది జాకెట్లు, కుర్తాలు కుట్టిన చెయ్యే కానీ మందం బట్ట మీద చొక్కా కుట్టిన చెయ్యి కాదు. హైదరాబాద్ మీటింగుకు పోతూ బస్సు కిటికీ పక్కన కూర్చుని ఫోనులో తానే అంది. 'ఎవరి పనైనా సరే దీపికా, ఎవరిదని అడగకు. మందం బట్ట ఎక్కడ దొరికినా తెచ్చి కుట్టించు. ముందు చెయ్యి తిరగాలె.' మంచికే అంది. ఆ తిరిగిన చెయ్యి వల్లే ఇవాళ ఐలవ్వ ఆ చొక్కా విడవనంది. ఆ మాట వల్లే ఇప్పుడు ఒక పిల్ల ఉద్యోగం పోబోతోంది.

ఊరుకుంటే అన్నీ దక్కుతాయి. ఆర్డరు, షెడ్డు, పథకం, తన కుర్చీ. దీపిక ఒక్కతి పోతుంది, అంతే. ఆ 'అంతే' అన్న మాట మనసులో పలికినందుకే నవీనకు తన మీద తనకు కోపం వచ్చింది. ఆ కోపంలోంచే ఎక్కడలేని తేలిక కూడా వచ్చింది. భయం పోయినప్పుడు వచ్చే తేలిక.

"ఆమె పేరు కొట్టేయుండ్రి సార్," అంది. "నా పేరు రాయుండ్రి. తెమ్మని చెప్పింది నేను. ఎవరిదని అడగొద్దని చెప్పింది గూడ నేనే. ఆమె నా మాట విన్నది, గంతే."

"మేడం!" దీపిక ఏడ్చేసింది. "మీరెందుకు, మీరు లేకుంటే పథకం..."

"నేను లేకున్నా నడిస్తేనే అది పథకం. ఏడువకు, ముక్కు తుడుచుకో."

పరశురాములు పెన్ను పక్కన పెట్టాడు. "నవీన గారూ, ఇది రాస్తే మీ కుర్చీ మీది గాదు. తెలిసే చెప్తుండ్రా?"

"తెలిసే చెప్తున్న. మరి వీళ్ల ఆర్డరు?"

"వీళ్లది వీళ్లకే."

ఐలవ్వ చటుక్కున చేతులు జోడించింది. నవీన గట్టిగా ఊపిరి వదిలింది. నలభై మిషన్లు ఒక్కసారి తిరగడం మొదలైనట్టు చెవుల్లో హోరు. కుర్చీ పోతే పోనీ. ఆ చప్పుడు ఆగదు!

"రాయకుండ్రి సార్, ఆగుండ్రి."

సంపత్ మళ్లీ లేచాడు. ముఖం మీద అతికిన నవ్వు ఊడిపోయి, దాని కింద ఉన్న మనిషి కనిపించాడు.

"మా చొక్కా వీళ్ల కాడనే కుట్టిచ్చినం. ఇగ దాచేది లేదు, మా నంబరు పోయింది, పోనియ్యుండ్రి. గాని మేడం త్యాగం చేస్తా అంటే ఎట్ల ఊకుంట? దీపిక తెచ్చింది ఏదో వేరే పని. మా ముక్కలు దీపిక చేతికి రానే రాలే. నేరుగ ఈ షహర్ బానో ఇంటికే పోయినయి. ఎవరివో తెలిసే పోయినయి."

నవీనకు అతని లెక్క వెంటనే అర్థమైంది. తాను మునిగాడు. వీళ్లను కూడా ముంచితే మొత్తం టెండరు రద్దవుతుంది, మళ్లీ పిలుస్తారు. మళ్లీ పిలిస్తే మళ్లీ అతనే.

"నోటితోని చెప్తే నడువదు," అంది. "సాక్ష్యం ఏది?"

"బయట నా కారులనే ఉన్నడు."

సంపత్ ఫోనులో ఒక్క మాట అన్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ కార్మికులు పక్కకు జరిగారు. పాతికేళ్ల మనిషి కారు తాళాలు చేతిలో పట్టుకుని లోపలికి వచ్చాడు. గడప దాటగానే బల్ల దగ్గర నిలబడ్డ షహర్ బానోను చూసి అక్కడే ఆగిపోయాడు. ఆమె ఇక్కడ ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదని ఆ ఆగడంలోనే తెలిసిపోయింది.

"జహీర్?" అంది షహర్ బానో. "పెద్దపల్లికి కిరాయి ఉందని పొద్దుగాలనే పోయినవ్ గదరా? నువ్వు వీళ్ల కారు నడుపుతున్నవా?"

ఆమె కొడుకు! దీపిక ఏడుపు ఆపేసింది. ఐలవ్వ నోటి మీద చెయ్యి వేసుకుంది.

"అమ్మీ, నేను..."

"మీ అమ్మతోని తర్వాత మాట్లాడుదువు," అన్నాడు పరశురాములు. "ఇట్ల రా బాబూ. అయిదో నంబరు చొక్కా ముక్కలు నువ్వే మోసినవా?"

జహీర్ తల ఊపాడు.

"ఎవరి చేతికిచ్చినవ్? దీపికకా, మీ అమ్మకా? ఎవరివని చెప్పి ఇచ్చినవ్?"

జహీర్ సంపత్ వైపు చూశాడు. సంపత్ చిన్నగా తల ఆడించాడు. జహీర్ నవీన వైపు చూశాడు. ఆ అబ్బాయి చేతిలోని తాళాలు గలగలమంటున్నాయి.

షహర్ బానో రెండడుగులు వేసి కొడుకు ముందు నిలబడింది. అతని గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. కొట్టబోతోందని అందరూ అనుకున్నారు. ఆమె గొంతు మాత్రం చాలా నెమ్మదిగా వచ్చింది.

"నా మొఖం జూడకు బేటా. సంపత్ సాబ్ మొఖం జూడకు. ఏం జరిగిందో గదే చెప్పు. షెడ్డు పోతే పోనియ్యి."

జహీర్ కళ్లు మూసుకున్నాడు. తెరిచాడు.

"సార్," అన్నాడు, "ఆ ముక్కలు నేను ఇచ్చింది దీపిక మేడంకు గాదు. అమ్మీకి గూడ గాదు."